పనిమంతులు మేనేజర్లయ్యాక ఎక్కడ తడబడుతున్నారు?

క్లుప్తంగా: మేనేజర్లు సరిగా పనిచేయడం లేదంటే చాలా సంస్థలకు ముందు తట్టేది ట్రైనింగ్. ఈ విషయంపై జరిగిన పరిశోధనలను వరసగా చూస్తే మాత్రం లోటు ఎక్కువగా తరగతి గది బయటే కనిపిస్తుంది. మేనేజర్‌గా ఎవరిని ఎంచుకుంటున్నారు, ఎంచుకున్నాక పైవాళ్లను అడక్కుండా ఎంతవరకు నిర్ణయించనిస్తున్నారు అన్నదాన్ని బట్టే శిక్షణ ఫలిస్తోంది. మధ్యస్థాయి ఉద్యోగాలకు కోత పడుతున్న ఈ రోజుల్లో ఆ లోటు ఇంకా పెరిగే అవకాశం ఉంది.

2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు 2 శాతం మందిని, అంటే 12 వేలకు పైగా ఉద్యోగులను తగ్గించుకోబోతున్నట్టు ప్రకటించింది. కోత ఎక్కువగా మధ్య, సీనియర్ స్థాయుల్లోనే అని తెలియడంతో హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో పది పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు టెన్షన్ పట్టుకుంది. అంతకుముందు 2024 సెప్టెంబరులో అమెజాన్, మేనేజర్లతో పోలిస్తే నేరుగా పనిచేసేవాళ్ల నిష్పత్తిని 2025 మార్చి చివరికల్లా కనీసం 15 శాతం పెంచాలని లక్ష్యం పెట్టుకుంది. 2023లో మెటా కూడా మధ్యలోని అంచెలను తగ్గించే పని పెద్ద ఎత్తున చేసింది.

ఈ నిర్ణయాల వెనక ఉన్న లెక్క కష్టమైనదేమీ కాదు. అంచెలు తగ్గితే జీతాల ఖర్చు తగ్గుతుంది. పైన అనుకున్నది కింద త్వరగా అమలవుతుంది. ఎవరి పని ఎంతవరకు వచ్చిందో కనుక్కోవడం, దాన్ని రిపోర్టుగా పైకి పంపడం లాంటి పనులు సాఫ్ట్‌వేర్‌తోనే అయిపోతాయి. మేనేజర్ చేసేది అదొక్కటే అయితే ఈ లెక్కలో తప్పు పట్టాల్సింది లేదు.

## మేనేజర్లు అక్కర్లేదనుకున్న సంస్థ

మేనేజర్లు అసలు అవసరమా అన్న ప్రశ్నకు గూగుల్ ఒకసారి స్వయంగా సమాధానం వెతికింది. 2002లో ఇంజినీరింగ్ విభాగంలో మేనేజర్ల వ్యవస్థనే ఎత్తేసి చూసింది. పైఅధికారి అంటూ ఎవరూ లేకపోతే కొత్త ఆలోచనలు చకచకా బయటికొస్తాయని ఆశ. ఆ ప్రయోగం కొద్ది నెలలకే ముగిసింది. ఖర్చుల బిల్లులు మొదలుకొని ఉద్యోగుల మధ్య గొడవల దాకా ప్రతి చిన్న విషయమూ సహ వ్యవస్థాపకుడు లారీ పేజ్ టేబుల్ మీదికే చేరడం మొదలైంది.

ఇంజినీర్లకు మేనేజర్లంటే ఉన్న చిన్నచూపు మాత్రం అలాగే ఉండిపోయింది. దాంతో 2008 నుంచి ఆ సంస్థ ‘ప్రాజెక్ట్ ఆక్సిజన్’ పేరుతో తన దగ్గరున్న అప్రైజల్ రికార్డులు, ఉద్యోగుల సర్వేలు, ఇంటర్వ్యూలు అన్నీ జల్లెడ పట్టింది. మంచి మేనేజర్లలో కనిపించే ఎనిమిది అలవాట్లు తేలాయి. పక్కన నిలబడి నేర్పడం మొదటిది. టీమ్‌కు స్వేచ్ఛనిచ్చి ప్రతి చిన్నదానిలో వేలు పెట్టకపోవడం రెండోది. టీమ్‌కు సలహా ఇవ్వగలిగినంత సాంకేతిక నైపుణ్యం కూడా జాబితాలో ఉంది, ఎనిమిదో స్థానంలో. ఇంజినీర్లతో నిండిన సంస్థలోనే పరిస్థితి ఇది. ఒక్క సంస్థ లెక్కలను అన్నిచోట్లకూ వర్తింపజేయలేం. కానీ ఆ ఎనిమిదో స్థానం గుర్తు పెట్టుకోదగ్గది. మన దగ్గర ప్రమోషన్ ఇచ్చేటప్పుడు చాలాసార్లు మొదట చూసేది దాన్నే.

## ఎంపికలోనే మొదటి పొరపాటు

బాగా పనిచేసేవాడికి ప్రమోషన్ ఇస్తూ పోతే చివరికి చేతకాని పోస్టులో వచ్చి ఆగుతాడన్న వాదనకు ‘పీటర్ సూత్రం’ అని పేరు. అర్ధశతాబ్దం కిందటి ఈ మాటను చాలాకాలం జోక్‌గానే చెప్పుకున్నారు. 2019లో ముగ్గురు ఆర్థికవేత్తలు అమెరికాలో వందకు పైగా సంస్థల సేల్స్ రికార్డులు తీసి దీన్ని పరీక్షించారు. అమ్మకాల్లో ముందున్నవాళ్లకే మేనేజర్ పోస్టు ఎక్కువగా దక్కుతోందని మొదట తేలింది. ఆ తర్వాత తేలిందే అసలు సంగతి. ప్రమోషన్‌కు ముందు సొంత అమ్మకాలు ఎంత ఎక్కువగా ఉంటే, మేనేజరయ్యాక వాళ్ల కిందివాళ్ల అమ్మకాలు అంతగా దిగజారాయి. గతంలో తోటివాళ్లతో కలిసి అమ్మకాలు చేసి, ఆ పేరును పంచుకున్నవాళ్లు మేనేజర్లుగా మెరుగ్గా రాణించారు.

సంస్థలు తెలిసి కూడా ఇలా చేయడానికి కారణం ఉంది. నంబర్ వన్ సేల్స్‌మన్‌ను పక్కన పెట్టి ఆరో స్థానంలో ఉన్నవాడిని మేనేజర్‌ను చేస్తే మొదటివాడు రాజీనామా ఇస్తాడు. మిగతావాళ్లకు కష్టపడాలన్న ఆసక్తి పోతుంది. ప్రమోషన్ అన్నది ఇక్కడ రెండు పనులు ఒకేసారి చేస్తోంది. నిన్నటి పనికి బహుమతి అదే, రేపటి పనికి నియామకమూ అదే. మన ఐటీలోనూ జీతం పెరగాలంటే కోడ్ వదిలి మనుషుల్ని చూసుకునే పనిలోకి వెళ్లక తప్పదన్న భావన గట్టిగా ఉంది. మనుషులతో పొసగని చాలామంది ఇంజినీర్లు ఇష్టం లేకుండానే టీమ్ లీడ్ కుర్చీలో కూర్చుంటున్నది అందుకే. దీనికి మందు శిక్షణ కాదు. మేనేజర్ కాకుండానే అదే హోదా, అదే జీతం అందే టెక్నికల్ దారి ఒకటి నిజంగా ఉండాలి. చాలా సంస్థల్లో ఆ దారి హెచ్‌ఆర్ ప్రెజెంటేషన్‌లో కనిపించినంత స్పష్టంగా జీతాల పట్టికలో కనిపించదు.

పోల్చడానికి తెలంగాణలోనే ఒక ఉదాహరణ ఉంది. సింగరేణి బొగ్గుగనుల్లో ఎంత మంచి పనివాడైనా ఏళ్లు గడిచాయని పై పోస్టులో కూర్చోలేడు. దేశంలోని ఏ బొగ్గుగనిలోనైనా మైనింగ్ సర్దార్ (గనిలో తనకిచ్చిన భాగాన్ని, అక్కడి పనివాళ్లను చూసుకునేవాడు), అతని పైన ఓవర్‌మన్, సెకండ్ క్లాస్ మేనేజర్, ఫస్ట్ క్లాస్ మేనేజర్ అనే ప్రతి మెట్టుకూ వేరే సర్టిఫికెట్ కావాలి. గనుల భద్రతను చూసే డీజీఎంఎస్ పరీక్ష పెట్టి ఇస్తుంది. దానికి కూర్చోవాలంటే గనిలో నిర్ణీత అనుభవం ఉండాలి. సర్దార్ కావాలంటే గ్యాస్ పరీక్ష, ప్రథమ చికిత్స సర్టిఫికెట్లూ ఉండాలి. ఈ పరీక్షలు చూసేది భద్రతనే తప్ప మనుషులతో మెలిగే తీరును కాదు, నిజమే. కానీ చేసే పని వేరు, చేయించే పని వేరు అన్న సంగతి చట్టంలో రాసిపెట్టి ఉన్న అరుదైన చోటు అది.

## ఆటోనగర్ షెడ్డులో ఒక పూట

ఎంపిక సరిగా జరిగినా రెండో చిక్కు మిగిలే ఉంటుంది. అది బాగా అర్థం కావాలంటే విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఓ షెడ్డును ఊహించుకుందాం. పాతికేళ్ల అనుభవమున్న మేస్త్రీని ఓనరు సూపర్‌వైజర్‌ని చేశాడు. జీతం పెంచాడు, చేతికి కొత్త ఫోన్ ఇచ్చాడు. ఓ రోజు పొద్దున ఓనరు పెళ్లికని గుంటూరు వెళ్లాడు. పదిన్నరకు షెడ్డులో రెండు ఇనుప చానెళ్లు తక్కువ పడ్డాయి. పక్క వీధి షాపులో అరువు మీద దొరుకుతాయి, నాలుగైదు వేల పని. సూపర్‌వైజర్ ఓనరుకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. నలుగురు వెల్డర్లు టీ కొట్టు దగ్గరికి వెళ్లి మధ్యాహ్నం భోజనాల దాకా అక్కడే కూర్చున్నారు. సాయంత్రం వచ్చిన ఓనరు “ఆ మాత్రం నువ్వు చూసుకోలేవా?” అని కోప్పడ్డాడు. పై నెలలో అలాంటి అవసరమే వస్తే సూపర్‌వైజర్ తనే తెప్పించేశాడు. ఈసారి “నన్నొక్క మాట అడగాలి కదయ్యా” అన్నాడు ఓనరు.

ఆ రెండు మాటల్లో ఏదీ తప్పు కాదు. రెండూ కలిసినప్పుడే సూపర్‌వైజర్‌కు ఒక సంగతి తలకెక్కుతుంది: ఏం చేసినా మాట పడాల్సిందే కాబట్టి ఫోన్ చేసి ఊరుకోవడం మేలు. ఏడాది తిరిగేసరికి ఓనరు “మావాడికి చొరవ లేదు” అంటాడు. ఎవరైనా చెబితే వ్యక్తిత్వ వికాస తరగతికీ పంపుతాడు. నిజానికి అక్కడ లేనిది చొరవ కాదు, అయిదు వేల దాకా అడక్కుండా ఖర్చు పెట్టొచ్చన్న ఒక్క ముక్క.

ఇది ఊహించిన సన్నివేశమే. దీని పెద్ద రూపం మాత్రం పరిశోధకుల లెక్కల్లో ఉంది. 2008లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, ప్రపంచ బ్యాంకు పరిశోధకులు కలిసి ముంబయి పరిసరాల్లోని నేత మిల్లుల్లో ఓ ప్రయోగం మొదలుపెట్టారు. 17 కుటుంబ సంస్థలు, వాటికి 28 మిల్లులు. కొన్ని మిల్లులకు నెలల తరబడి కన్సల్టెంట్లను ఉచితంగా పంపారు. మరికొన్నింటికి సమస్యలేమిటో చూసి చెప్పడంతో ఆపారు. వెళ్లినవాళ్లు కొత్త యంత్రాలేవీ తీసుకుపోలేదు. మగ్గం ఎందుకు ఆగిందో ఏ రోజుకారోజు రాసిపెట్టడం, గుడ్డలో లోపం వస్తే అది ఎక్కడ మొదలైందో వెతకడం, గోదాములో గుట్టలుగా పడి ఉన్న నూలును వరుసలో పెట్టి లెక్క రాయడం లాంటి 38 పద్ధతులు అలవాటు చేశారు. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది.

ఇంత సులువైన పనులు అంతకుముందే ఎందుకు చేసుకోలేదు? కొన్నిటి గురించి యజమానులకు తెలియదు. తెలిసినవి తమ మిల్లుకు అక్కర్లేదనుకున్నారు. అయితే సంస్థ పెరుగుదలకు సంబంధించి అందులో ఇంకో సంగతి బయటపడింది. ఒక కుటుంబానికి ఎన్ని మిల్లులు ఉన్నాయన్నది ఆ ఇంట్లో ఎంతమంది మగవాళ్లున్నారన్నదాన్ని బట్టి చాలావరకు తేలుతోంది. బయటి మేనేజర్ చేతికి తాళాలిచ్చే నమ్మకం లేక, ముఖ్యమైన నిర్ణయాలన్నీ ఇంటివాళ్ల దగ్గరే ఉండిపోయాయి. తమ్ముడో కొడుకో అందుబాటులో ఉంటే తప్ప కొత్త మిల్లు పెట్టలేని పరిస్థితి. రోజువారీ లెక్కలు కాగితం మీదికి వచ్చిన మిల్లుల్లో మేనేజర్లకు కాస్త ఎక్కువ అధికారం ఇవ్వడం మొదలైంది. ఏం జరుగుతోందో కంటికి కనిపిస్తే ప్రతిదానికీ అడగమనాల్సిన అవసరం ఉండదు.

తొమ్మిదేళ్ల తర్వాత అదే బృందం మళ్లీ ఆ మిల్లులకు వెళ్లింది. నేర్పిన పద్ధతుల్లో దాదాపు సగం వదిలేశారు. అయినా కన్సల్టెంట్ల సాయం పూర్తిగా అందని మిల్లులకూ వీటికీ మధ్య పెద్ద తేడానే మిగిలి ఉంది. వదిలేయడానికి ఎక్కువగా చెప్పిన కారణాల్లో రెండు గమనించదగ్గవి: ఆ పద్ధతి తెలిసిన మేనేజర్ మానేయడం, యజమానికి తీరిక లేకపోవడం.

## నేర్పితే వెళ్లిపోతారా?

చిన్న సంస్థల యజమానుల దగ్గర తరచూ వినిపించే భయం ఇది. వేలు పోసి నేర్పిస్తే నోటీస్ పీరియడ్ కూడా పూర్తి చేయకుండా పక్క కంపెనీకి పోతారని. బాండ్లు రాయించుకోవడం అందులోంచే వచ్చింది.

కర్ణాటకలో రెడీమేడ్ దుస్తుల ఫ్యాక్టరీల్లో కుట్టు లైన్లను చూసే సూపర్‌వైజర్లపై జరిగిన ఒక అధ్యయనం ఈ భయాన్ని కొంత తగ్గిస్తుంది. మరో కొత్త అనుమానాన్నీ రేపుతుంది. మాట తీరు, కోపాన్ని అదుపులో పెట్టుకోవడం, పనివాళ్లను ఉత్సాహపరచడం లాంటి విషయాల్లో సూపర్‌వైజర్లకు శిక్షణ ఇచ్చారు. ఎవరికి ఇస్తే బాగుంటుందో చెప్పమని ముందుగా వాళ్ల పై మేనేజర్లను అడిగి, ఆ సిఫార్సులు రాసుకుని, ఆపైన లాటరీ పద్ధతిలో ఎంచుకున్నారు. శిక్షణ పొందినవాళ్లు ఉద్యోగం మానేసే అవకాశం పొందనివాళ్ల కంటే 15 శాతం తక్కువగా ఉంది. భయపడినదానికి ఇది ఎదురు.

మేనేజర్లు గట్టిగా సిఫార్సు చేసిన సూపర్‌వైజర్ల లైన్లలో ఉత్పాదకత మాత్రం పెరగలేదు. అంతగా సిఫార్సు చేయని సూపర్‌వైజర్ల లైన్లలో 12 శాతం పెరిగింది. పై మేనేజర్లకు మనుషుల్ని అంచనా వేయడం రాక కాదు, పక్షపాతమూ కాదని పరిశోధకులు తేల్చారు. సూపర్‌వైజర్ ఒకరు మానేస్తే కొత్తవాణ్ని వెతికి కుదురుకునేలా చేయడం వాళ్ల నెత్తిన పడే పని. అందుకని ఎవరు వెళ్లిపోతే తమకు ఎక్కువ ఇబ్బందో వాళ్ల పేర్లే ఇచ్చారు. శిక్షణ అక్కడ ఒక తాయిలం అయింది. సంస్థకు కావాల్సింది ఉత్పాదకత, మేనేజర్‌కు కావాల్సింది తలనొప్పి లేకుండా నెల గడవడం.

మన కార్పొరేట్ ఆఫీసుల్లో ‘హై పొటెన్షియల్’ జాబితాలు, అంటే ముందుముందు బాగా ఎదుగుతారనుకునేవాళ్ల జాబితాలు, తయారయ్యే తీరు కూడా ఇంచుమించు ఇదే. పేర్లు ఇచ్చేది నేరుగా పై బాస్. ఆ జాబితాలో చేరడమే సగం గుర్తింపు. జాబితాలో లేనివాళ్లకే శిక్షణ ఎక్కువ పనికొచ్చే అవకాశం ఉందన్న ఆలోచన ఎక్కడా చర్చకు రాదు.

## తరగతి గది ఎంతవరకు

1956 ఈ విషయంలో చిత్రమైన ఏడాది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ (జీఈ) తన మేనేజర్ల కోసం క్రోటన్‌విల్‌లో ప్రత్యేక క్యాంపస్ తెరిచింది ఆ ఏడాదే. మన దగ్గర టాటా గ్రూపు తన మేనేజర్లను తయారుచేసుకునే టాటా అడ్మినిస్ట్రేటివ్ సర్వీస్ మొదలైందీ, హైదరాబాద్‌లో ఇంగ్లండులోని హెన్లీ కళాశాల నమూనాలో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా ఏర్పాటైందీ అప్పుడే. ఒకప్పుడు బేరార్ యువరాజు నివాసంగా ఉండి, తర్వాత ఈ కాలేజీదైన బెల్లావిస్టా భవనంలో ప్రభుత్వ, ప్రైవేటు అధికారులు కలిసి కూర్చుని చదువుకునే పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. క్రోటన్‌విల్ కథ మరోలా ముగిసింది. జీఈ మూడు కంపెనీలుగా విడిపోయాక ఆ క్యాంపస్ అమ్ముడైపోయింది.

తరగతుల విలువ తక్కువని చెప్పేవాళ్లు తరచూ 70-20-10 అనే లెక్క ఎత్తుతారు. నేర్చుకునేదాంట్లో 70 శాతం పనిలోనే, 20 శాతం తోటివాళ్ల నుంచి, 10 శాతం తరగతుల నుంచి వస్తుందని. ఇది 1980ల్లో నార్త్ కరోలినాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ పరిశోధకుల పని నుంచి పుట్టింది. రెండు వందల మందికి దగ్గరగా ఉన్నతాధికారులను ‘మీకు బాగా నేర్పిన అనుభవమేది’ అని అడిగితే వాళ్లు గుర్తు చేసుకుని చెప్పినదాన్నిబట్టి గుండ్రంగా వేసిన అంకెలవి. కొలిచి తేల్చినవి కావు. శిక్షణ బడ్జెట్ కోసేయడానికి దీన్ని ఆధారంగా చూపించడం బాగా అలవాటైపోయింది. ఆ కోసిన డబ్బు పోనీ మిగతా తొంభై శాతం మీద పెడుతున్నారా అంటే అదీ కనిపించదు.

తరగతి గది పనికొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లో అనుభవం ఉన్న మగవాళ్లు సైన్యంలో చేరారు. వాళ్ల స్థానంలోకి వచ్చిన కొత్తవాళ్లకు పని నేర్పాల్సింది ఫోర్‌మన్లే. నేర్పడం ఎలాగో ఫోర్‌మన్లకు తెలియదు. అప్పుడు అక్కడి ప్రభుత్వం టీడబ్ల్యూఐ (ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ) అనే కార్యక్రమం పెట్టి 16 లక్షలకు పైగా సూపర్‌వైజర్లకు శిక్షణ ఇచ్చింది. ఒక్కో కోర్సు పది గంటలే. రెండేసి గంటల చొప్పున అయిదు పూటలు, గుంపుకు పదిమంది.

మొదటి పూట శిక్షకుడు ఒక వైరు ముక్క తీస్తాడు. బల్బు హోల్డర్‌లోంచి వైరు జారిపోకుండా ఎలక్ట్రీషియన్లు లోపల వేసే ముడి ఒకటుంది. దాన్ని ఎలా వేయాలో నోటితో మాత్రమే చెప్పి, ఒకరిని పిలిచి వేయమంటాడు. రాదు. ఇంకొకరికి ఏమీ మాట్లాడకుండా చేసి చూపిస్తాడు. అప్పుడూ రాదు. ఆ తర్వాత అసలు పద్ధతి: నేర్చుకునేవాణ్ని ముందు కుదురుగా కూర్చోబెట్టి అతనికి ఏం తెలుసో కనుక్కోవడం, ఒక్కో మెట్టూ చెబుతూ చేసి చూపడం, అతని చేత చేయిస్తూ ఎందుకలా చేస్తున్నాడో అతని నోటే చెప్పించడం, చివరికి ఒంటరిగా వదిలి మధ్యమధ్య వచ్చి చూడటం. పదిమందీ వంతులవారీగా తమ ఫ్యాక్టరీలో నిజంగా చేసే పనిని తెచ్చి ఇలా నేర్పి చూపించాలి. వాడికి రాలేదంటే నేర్పినవాడే సరిగా నేర్పలేదని లెక్క. యుద్ధం ముగిశాక అమెరికాలో ఈ కార్యక్రమం మూతపడింది. జపాన్ దాన్ని అందిపుచ్చుకుంది, 1950ల్లో టయోటా తన పద్ధతుల్లో కలిపేసుకుంది.

రెండు రోజుల రిసార్టు వర్క్‌షాపుకూ ఈ పది గంటలకూ తేడా గంటల్లో లేదు. టీడబ్ల్యూఐ నేర్పింది ఒకే ఒక్క పని. ఆ పని సూపర్‌వైజర్ మర్నాడు పొద్దున షిఫ్టులోనే చేయాల్సి వచ్చేది. వర్క్‌షాపు నుంచి సోమవారం ఆఫీసుకొచ్చిన మేనేజర్‌కు మాత్రం పాత టార్గెట్లు, పాత అప్రైజల్ ఫారమే ఎదురొస్తాయి. టీమ్‌లో ఎవరిని ఎంత ఎదిగించాడన్నది ఆ ఫారంలో సాధారణంగా ఉండదు. గూగుల్ దీనికి ఓ మార్గం వెతికింది. టీమ్ సభ్యులే తమ మేనేజర్ గురించి గోప్యంగా సర్వే నింపుతారు. ఆ ఫలితాలు మేనేజర్ తనను తాను దిద్దుకోవడానికే, జీతంతో నేరుగా ముడిపెట్టరు. ముడిపెడితే మొహమాటంతో అందరికీ అయిదుకు అయిదు పడిపోతాయి. మన ఆఫీసుల్లో మరీను.

## అంచెలు తగ్గాక

మధ్యస్థాయి తగ్గింపు ఈ మొత్తం వ్యవహారం మీద ఎలా పనిచేస్తుందో లెక్క వేసి చూడొచ్చు. ఒక మేనేజర్ కింద ఎనిమిది మంది ఉండి, ఒక్కొక్కరితో వారానికి అరగంట విడిగా మాట్లాడితే నాలుగు గంటలు. పదహారు మంది అయితే ఎనిమిది గంటలు, అంటే వారంలో ఒక పూర్తి పనిదినం. ఆ రోజు దొరకదు కాబట్టి ముందుగా రద్దయ్యేది ఆ అరగంటే. టార్గెట్ మీటింగ్ రద్దు కాదు. పదహారు మంది ఉన్నప్పుడు ప్రతిదీ తనే చూడలేక మేనేజర్ కొన్ని నిర్ణయాలు కిందికి వదులుతాడని, అదీ మంచికేనని ఒక వాదన ఉంది. ఆటోనగర్ ఓనరు ముందే ఆ అయిదు వేల గీత గీసి ఉంటే అది నిజమవుతుంది. గీయకపోతే పదహారు మందీ ఫోన్ ఎత్తేదాకా ఎదురుచూస్తూ కూర్చుంటారు.

సింగరేణి సర్దార్ దగ్గర ఆ గీత చట్టంలోనే ఉంది. షిఫ్టు మొదలయ్యే ముందు తన పరిధిలోని పైకప్పు, గ్యాస్, గాలి చూసుకుంటాడు. ప్రమాదం అనిపిస్తే పనివాళ్లను అక్కడి నుంచి బయటికి తీసుకురావాలి. అందుకు పై మేనేజర్ ఒప్పుకునేదాకా ఆగనక్కర్లేదు. ఆ తర్వాత ఓవర్‌మన్ పరీక్షకు కూర్చునేనాటికి అలాంటి నిర్ణయాలు ఎన్నో తీసుకుని ఉంటాడు.

ఐటీలో అయిదారుగురి చిన్న టీమ్‌ను చూసుకునే టీమ్ లీడ్ ఉద్యోగం అలాంటి మెట్టే. ఎవరికి ఏ పని ఇవ్వాలి, ఎవరి సెలవు ఒప్పుకోవాలి, వెనకబడినవాడితో ఎలా మాట్లాడాలి అన్నవి తప్పులు చేస్తూ నేర్చుకునేది అక్కడే. ఆ స్థాయిలో తప్పు జరిగినా నష్టం చిన్నదే. ఇప్పుడు అంచెలు తగ్గించేటప్పుడు ఖర్చు లెక్కలో ముందు కొట్టేస్తున్నదీ దాన్నే. ఆ మెట్టు తీసేసిన సంస్థకు అయిదేళ్ల తర్వాత వంద మందిని నడిపే డెలివరీ మేనేజర్ కావాలంటే బయటి నుంచే తెచ్చుకోవాలి. బయట దొరికేది కూడా అదే మెట్టు తీసేసిన ఇంకో సంస్థలో పనిచేసినవాళ్లే.